ఫైల్ పేరు మార్చారు సరే.. లోపల ఉన్న పేరు సంగతేంటి?

సెకండ్ ఒపీనియన్ కోసమో, పరిశోధన కోసమో, సర్వర్ మారుతున్నప్పుడో ఆసుపత్రులు స్కాన్ ఫైళ్లను కాపీ చేస్తుంటాయి. రోగి పేరు తీసేసి ఫైల్‌కి ఓ నంబర్ పెడితే ఇక అది ఎవరిదో తెలియదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు.

సీటీ, ఎంఆర్‌ఐ ఫైళ్లు డైకామ్ అనే ఫార్మాట్‌లో ఉంటాయి. అందులో బొమ్మతో పాటు రోగి పేరు, ఐడీ, పుట్టిన తేదీ, ఆసుపత్రి పేరు కూడా ఉంటాయి. పైన పేరు మార్చినంత మాత్రాన ఇవేవీ పోవు. కవరు మీద అడ్రస్ కొట్టేసి లోపల ఉత్తరం అలాగే వదిలేసినట్టే. అల్ట్రాసౌండ్‌లోనైతే పేరు బొమ్మ మీదే కనిపిస్తుంది.

కాపీ చేయడంలోనూ చిక్కుంది. ఒక్క సీటీ స్కాన్‌కే వందల ఫైళ్లు ఉంటాయి. మధ్యలో కరెంటు పోతే ఏవి వెళ్లాయో, ఏవి ఆగిపోయాయో తెలియదు. విండోస్‌లో రోబోకాపీ, లైనక్స్‌లో ఆర్‌సింక్ వాడితే ముందే వెళ్లిన ఫైళ్లను వదిలేసి మిగతావే పంపుతాయి. రెండూ ఉచితమే.

ఆ తర్వాత రెండు వైపులా చెక్‌సమ్ సరిపోవాలి. లెక్కల్లో రెండు పుస్తకాలు టాలీ చేసినట్టన్నమాట. ఫైల్ లోపల ఏ చిన్న మార్పు జరిగినా ఈ సంఖ్య మారిపోతుంది. పేరు మారిస్తే మాత్రం మారదు. ఎందుకంటే లోపల ఏమీ మారలేదు! అందుకే ముందు కాపీ, తర్వాత టాలీ, ఆపైన కాపీలోని వివరాలు చెరపడం, చివరగా కొత్త నంబర్. ఏ నంబర్ ఎవరిదో చెప్పే జాబితాను అదే పెన్‌డ్రైవ్‌లో పెడితే ఇంత శ్రమా వృథా.

2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్‌పై సైబర్ దాడి జరిగింది. దాదాపు 1.3 టెరాబైట్ల డేటాకు తాళం పడింది. ఈ-హాస్పిటల్ డేటా మళ్లీ దొరికిందంటే, దాడి తగలని బ్యాకప్ సర్వర్‌లో కాపీ ఉండబట్టే. అంటే కాపీ ఉండాలి, కానీ అది ఎవరి చేతికి వెళ్తుందో లెక్క కూడా ఉండాలి.

2023 డేటా రక్షణ చట్టం ప్రకారం భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. కానీ టీబీ అనో, పిల్లలు పుట్టరనో నలుగురికీ తెలిసిపోయాక పెళ్లి సంబంధం చెడితే ఏ జరిమానా దాన్ని వెనక్కి తేదు. మీ స్కాన్ బయటికి పంపుతామంటే ఒక్క ప్రశ్న అడగండి: ‘ఫైల్ లోపల కూడా పేరు తీసేశారా?’