చప్పిడి అనే తిట్టు

మసాలాల కోసం ప్రపంచమంతా దోచుకుని, వంటలో మాత్రం ఒక్కటీ వెయ్యని జాతి అని ఇంగ్లీషువాళ్ళ మీద ఒక జోకు. ఇక్కడ ఇంగ్లండ్‌లో తెలుగువాళ్ళం నలుగురం కలిస్తే అది రాకుండా భోజనం పూర్తికాదు. పోనీ జోకే కదా అనుకుంటే, నేను చదివిన డయాస్పోరా కథల్లోనూ ఇంతే. తెల్లవాడి భోజనం వచ్చిందంటే ఉడకబెట్టిన బంగాళాదుంప, ‘చప్పిడి’ అనే మాట. రచయిత రుచి చూసిన దాఖలా ఉండదు.

1390 ప్రాంతంలో రెండవ రిచర్డ్ రాజుగారి వంటవాళ్ళు కూర్చిన ‘ఫార్మ్ ఆఫ్ క్యూరీ’ తిరగేయండి. అల్లం, దాల్చినచెక్క, లవంగాలు, కుంకుమపువ్వు అడుగడుగునా తగుల్తాయి. (క్యూరీ అంటే వంట అని. మన కూరతో చుట్టరికం కలపకండి.) అప్పటికి గుంటూరుతో సహా మన దేశంలో ఎక్కడా మిరపకాయే లేదు.

మరి ఆ తర్వాత ఏమైంది? చాలా అయ్యాయి గానీ, ఒకటి చెప్తాను. 1940 జనవరి నుంచి 1954 జులై దాకా రేషన్. మామూలుగా మనిషికి వారానికి రెండు ఔన్సుల వెన్న, ఒక గుడ్డు. అరవై గ్రాములు కూడా లేని వెన్నతో ఒక తరం వంట నేర్చుకుంది. దాన్ని పట్టుకుని వీళ్ళకి నాలుక లేదనడం ఏం న్యాయం?

లాంకషైర్ హాట్‌పాట్ ఒకసారి ఇంట్లో వండి చూడండి. పబ్బులో మైక్రోవేవ్ చేసిచ్చేది లెక్కలోకి రాదు. గొర్రె మెడ మాంసం ఎముకతో సహా, దానికి సమానంగా ఉల్లిపాయలు, ఉప్పు, మిరియాలు, కాస్త థైమ్. సగానికి నీళ్ళు. పైన బంగాళాదుంప బిళ్ళలు పెంకుల్లా పేర్చి వెన్న రాసి, మూతపెట్టి 160 డిగ్రీల ఓవెన్లో రెండున్నర గంటలు. చివరి అరగంట మూత తీసెయ్యాలి. మెడ మాంసంలోని కొల్లాజెన్ నెమ్మదిగా జెలటిన్‌గా మారి రసం పెదాలకి అంటుకుంటుంది. మన పాయా చిక్కబడేదీ అందుకే. పైన బిళ్ళలు కరకర, కింద సగం రసం పీల్చుకుని మెత్తగా. ఇందులో గరం మసాలా వేస్తే పాడవుతుంది. నేను వేసి చూశాను.

ఇది మిల్లు కూలీల తిండి. పొద్దున్నే కుండ పొయ్యిలో పెట్టి పనికి పోయేవాళ్ళు. ఆ మిల్లుల బట్టే మన నేతగాళ్ళ మగ్గాలని మూలపెట్టింది, నిజమే. ఆ కోపం నాకూ ఉంది. కానీ అమెరికా అంతర్యుద్ధంతో పత్తి రాక మిల్లులు మూతపడ్డప్పుడు, 1861-65 మధ్య, పస్తులున్నదీ ఈ కూలీలే. దోచిన సొమ్ము మిల్లు యజమాని దగ్గరుంటే, వెక్కిరింపు ఈ కుండ మీదా?

హాట్‌పాట్‌లోకి వెనిగర్లో ఊరబెట్టిన ఎర్ర క్యాబేజీ నంజుకుంటారు. మా ఇంటికొచ్చే స్నేహితులు ఆవకాయ అడుగుతారు. పెడతాను, కానీ మొదటి రెండు ముద్దలు ఉత్తదే తినాలని షరతు.