అందరికీ తెలిసిన ఊరు



పోయిన ఆదివారం ఆరాధన అయినాక మన సంఘంలోని ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచాడు. "అయ్యగారూ, పిల్లల్ని తీసుకొని కర్నూలుకు పోదామనుకుంటున్నాం. ఉండమంటారా, పొమ్మంటారా? ప్రార్థన చేసి చెప్పండి" అన్నాడు.

"ఉండు తమ్ముడూ" అనబోయి ఆగాను. ఒక కుటుంబం పోతే మందిరంలో ఒక చాప ఖాళీ అవుతుందని నాకు భయం. అది నా భయమే గాని దేవుని మాట కాదు. ఆ తమ్మునికి ఆలోచించి చెప్పిన సంగతులే మీకూ రాస్తున్నాను.

మన పత్తికొండ పల్లె కాదు, సిటీ కూడా కాదు. 2022లో రెవెన్యూ డివిజన్ అయింది, ఆర్డీఓ ఆఫీసు ఊళ్లోకే వచ్చింది. బాడుగలు తక్కువ. పిల్లలు బడికి నడిచి పోతారు. రైలు ఎక్కాలంటే మాత్రం ఇప్పటికీ తుగ్గలికో గుత్తికో పోవాల్సిందే. చదువుకున్న పిల్లలకు ఇక్కడ పని లేదు. ఊరికి ఆధారం టమోటా మార్కెట్. ధర ఉన్న వారం అంగళ్లన్నీ కళకళలాడతాయి. కిలో రూపాయికి పడిన వారం రైతు కాయలను రోడ్డు మీదే పారబోసి ఏడుస్తూ ఇంటికి పోతాడు. తొలకరి పడగానే ఎక్కడెక్కడి వాళ్లో వజ్రాల కోసం జొన్నగిరి చేలకు వస్తారు. మనవాళ్లేమో పంట పోయిన ఏడు ఇండ్లకు తాళాలు వేసి సుగ్గికి, గుంటూరు మిరప కోతలకు పోతారు. పోవడం అవిశ్వాసమని నేను ఎట్లా అనగలను? కరువులో యాకోబు కుటుంబమంతా ఐగుప్తుకు పోయింది. వెళ్లడానికి భయపడవద్దని దేవుడే అతనికి ధైర్యం చెప్పాడు.

ఇంకొకటి ఆసుపత్రి సంగతి. 1827 జూలై 6న మద్రాసు గవర్నరు థామస్ మన్రో మన పత్తికొండలోనే కలరాతో చనిపోయాడు. పొద్దున జబ్బు పడి రాత్రికి పోయాడు. అంత అధికారం ఉన్నా ఆనాడు ఆయనను కాపాడే వైద్యం లేదు. ఈనాడు వైద్యం ఉంది, కాని పెద్ద జబ్బయితే అది కర్నూలులో ఉంది. కొన్నేళ్ల కింద మా ఇంటామెకు అర్ధరాత్రి ఆయాసం వచ్చినప్పుడు ఆ రెండు గంటల దారి ఎంత పొడుగో నాకు తెలిసింది.

అయితే ఆ రాత్రే ఇంకొకటి కూడా చూశాను. నేను పిలవకముందే ఎదురింటి సాయిబన్న ఆటో బయటికి తీశాడు. కిరాణా శెట్టిగారు కొట్టు తెరిచి, లెక్క పెట్టకుండా డబ్బు నా జేబులో పెట్టాడు. పక్కింటి అవ్వ మా పిల్లల్ని తన ఇంటికి తీసుకుపోయి పండబెట్టింది. వీళ్లెవరూ మన సంఘస్థులు కారు. మా ఇంట్లో ఆ వేళకు లైటు వెలగదని వాళ్లకు తెలుసు. వెలిగేసరికి వచ్చారు, అంతే. ఆమె బతికింది.

చిన్న ఊరిలో ఉన్న మేలు ఇదే. మన సంగతి అందరికీ తెలుసు.

చిన్న ఊరిలో ఉన్న కీడు కూడా ఇదే. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. మన సంఘపు ఆడబిడ్డ ఒకామె కాపురం చెడి పుట్టింటికి వచ్చింది. "ఎందుకొచ్చినావు? ఎప్పుడు పోతావు?" అని బస్టాండులో అడిగారు, కుళాయి దగ్గర అడిగారు. మన మందిరపు గడప దగ్గర కూడా అడిగారు. ప్రార్థన చేస్తానంటూ నలుగురిలో నేను కూడా అడిగాను. రెండు నెలలకు ఆమె రావడం మానేసింది. తరువాత కర్నూలులో కనబడి, "ఇక్కడే బాగుంది అయ్యగారూ, నన్ను ఎవరూ ఏమీ అడగరు" అన్నది. సిటీలో ఎవరూ పట్టించుకోరని మనం ఎగతాళిగా అంటాము గదా. ఆ బిడ్డకు అదే విశ్రాంతి అయింది.

కాబట్టి ప్రియులారా, ఆసుపత్రి కోసం, పని కోసం మనం అధికారులను అడగాలి, అడుగుతూనే ఉండాలి. ఇరుగుపొరుగు సంగతి తెలుసుకున్నాక ఏమి చేస్తామన్నది మాత్రం మన చేతిలోనే ఉంది. సాయిబన్నకు మా ఇంటి సంగతి తెలిసి ఆటో తీశాడు. మాకు ఆ బిడ్డ సంగతి తెలిసి నోరు తెరిచాము.

ఆదికాండము 19వ అధ్యాయములో లోతు ఒక చిన్న ఊరి కోసం దేవదూతలను బతిమాలుకున్నాడు. ఆ ఊరు సోయరు. ఒక్క మనిషి అడిగినందుకు దేవుడు ఆ ఊరిని నాశనము చేయకుండా విడిచిపెట్టాడు. కాని లోతు అక్కడ నిలబడలేదు. భయపడి కొండ గుహకు పోయాడు. తన మూలంగా మిగిలిన ఊరికి అతడు ఏ మేలూ చేసినట్టు వాక్యములో కనబడదు. మనలో చాలామందిమి పత్తికొండలో అట్లానే ఉన్నాము, బస్సు కోసం నిలబడినట్టు. ఉన్నన్నాళ్లు ఊరి క్షేమము కోసం ఏమీ చేయము.

ఆ తమ్మునికి ఇట్లా చెప్పాను: "పిల్లల చదువుకు, బతుకుకు పోవాల్సి వస్తే నిశ్చింతగా పో. నేనే ప్రార్థన చేసి పంపుతాను. అక్కడ నీ వరుసలో ఏ ఇంట్లో ఎవరున్నారో తెలుసుకో, అర్ధరాత్రి లైటు వెలిగితే తలుపు తట్టు. ఉంటే మాత్రం నోరు కాచుకొని, చేయి చాచి ఉండు." అతడు ఇంకా ఏమీ తేల్చుకోలేదు.

ఈ వారం నేను కర్నూలు పోయి ఆ ఆడబిడ్డను క్షమాపణ అడగాలనుకుంటున్నాను. తిరిగి రమ్మని బలవంతం చేయను. మీరు కూడా ఎవరిని అడగరాని మాట అడిగారో జ్ఞాపకం చేసుకోండి.

ప్రభువా, మా చిన్న ఊరిని, మా నోటిని కాపాడుము. ఆమేన్.