జోస్యం వాళ్లది, హాజరు మనది

ఏడాది చివరికి వచ్చేసరికి పత్రికల్లో ఒక జాబితా కనిపిస్తుంది. వచ్చే ఏడాది ఆఫీసుల్లో ఏ టెక్నాలజీ రాజ్యమేలుతుందో చెప్పే జాబితా. గార్ట్‌నర్ అనే అమెరికా సంస్థ ఏటా ఇలాంటి పది అంశాలు ప్రకటిస్తుంది. 2025కు అది మొదట పెట్టింది ఏజెంటిక్ ఏఐని. అంటే పని అప్పగిస్తే చాలు, తనంతట తానే నిర్ణయాలు తీసుకుంటూ ముగించే కంప్యూటర్ ప్రోగ్రాం. మన పేపర్లు, యూట్యూబ్ చానళ్లు ఆ మాటలకే తిరగమోత పెట్టి వడ్డిస్తాయి. కొలువు కోసం హైదరాబాద్ చేరిన మన తమ్ముళ్లు, చెల్లెళ్లు అది చూసి ఏ కోర్సులో చేరాలో నిర్ణయించుకుంటారు.

ఆ జాబితా రాసేవాళ్ల లెక్కలో పనిచేసే చోటు అంటే మాదాపూర్‌లో ఉన్నలాంటి అద్దాల మేడ. మన బడి, మన అంగన్‌వాడీ, ఉపాధి పని జరిగే చెరువు గట్టు, సంతలో జీసీసీ కాంటా వాళ్ల కంటికి ఆనవు. అయినా టెక్నాలజీ మన దాకా రాకుండా ఆగలేదు. అద్దాల మేడకు అది పనిముట్టుగా వస్తే, మనకు ఉత్తర్వుగా వచ్చింది. ఏజెన్సీ బడుల్లో పనిచేసే టీచర్లుగా మేము చెప్పదలచింది ఇదే. మన దగ్గర ప్రతి కొత్త యంత్రం మొదట అడిగేది ‘నువ్వు వచ్చావా?’ అని. ‘నీకేం కావాలి?’ అని అడిగే యంత్రం ఇంకా రాలేదు.

జరిగింది చూడండి. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి మొబైల్ యాప్ హాజరు తప్పనిసరి చేశారు. పని చోట రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి ఎక్కించాలి. మట్టి ఎంత తవ్వినా ఫొటో ఎక్కకపోతే కూలి చిక్కుల్లో పడుతుంది. సిగ్నల్ లేని కొండ మీద దీని అర్థం ఏమిటో మన అమ్మలకు తెలుసు. దొంగ హాజరు ఆపడానికే ఇదంతా అన్నారు. రెండున్నరేళ్లు గడిచాక 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే, పాత ఫొటోను మళ్లీ ఫొటో తీసి ఎక్కిస్తున్నారని, సంబంధం లేని బొమ్మలు పెడుతున్నారని ఉత్తర్వులో రాసింది. పంచాయతీ స్థాయిలో ఫొటోలన్నీ మనుషులే చూసి సరిచూడాలని చెప్పింది. యంత్రం మీద కాపలాకు మళ్లీ మనిషినే పెట్టారు. దొంగ ఎలాగో దారి వెతుక్కున్నాడు. నిజంగా పని చేసిన తల్లి మాత్రం సిగ్నల్ కోసం చేయి పైకెత్తి నిలబడింది.

అంగన్‌వాడీల్లో 2021 నుంచి పోషణ్ ట్రాకర్ ఉంది. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే సరుకుకు తల్లి ముఖాన్ని యాప్‌లో సరిపోల్చాలన్నారు. బడుల్లో టీచర్ల హాజరుకు ముఖ గుర్తింపు ఆంధ్రప్రదేశ్‌లో 2022లో, తెలంగాణలో 2025లో వచ్చింది. కూలి, తల్లి, టీచరు అందరూ ముందు ముఖం చూపించాలి. ఆ తర్వాతే కూలి, ఆ తర్వాతే పిండి, ఆ తర్వాతే పాఠం.

ముఖం చూసే యంత్రం అందరినీ ఒకేలా చూడదు. జాయ్ బులమ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకులు 2018లో మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ముఖం చూసి ఆడో మగో చెప్పడమే వాటి పని. తెల్లని మగవారి విషయంలో తప్పు 0.8 శాతం మించలేదు. నల్లని ఆడవారి విషయంలో అది 34.7 శాతం దాకా పోయింది. మన ఆడవాళ్ల ముఖాల మీద ఎంత తప్పుతుందో పరీక్షించి, ఆ లెక్కను గ్రామసభ ముందు పెట్టాకే యంత్రం పెట్టాలని అడగడం అత్యాశ కాదు.

‘ఏజెన్సీ టీచర్లు బడికి రారు, అందుకే మీకు యాప్ అంటే భయం’ అనేవాళ్లున్నారు. బడికి రాని టీచర్లు ఉన్నారు. వాళ్ల వల్ల మన పిల్లల ఏళ్లకు ఏళ్లు మట్టిలో కలిశాయి. దాన్ని మేము దాచం. కానీ యాప్ చెప్పేది టీచరు ముఖం బడికి వచ్చిందని మాత్రమే. పాఠం జరిగిందో లేదో చెప్పగలిగింది పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు. వాళ్లను అడగడానికి విద్యా కమిటీ ఉంది, గ్రామసభ ఉంది. వాటిని నిద్రపుచ్చి ఫోన్‌ను మేల్కొలిపితే బడి బాగుపడదు.

ఇక వచ్చే ఏడాది సంగతి. మా అంచనా మేమే చెబుతాం. ముఖం చూపించే యాప్‌లు ఇంకా పెరుగుతాయి. బడిలో ఏఐ పాఠాలు కూడా పెరుగుతాయి. ఇంట్లో కోయ మాట్లాడే ఒకటో తరగతి బిడ్డకు తెలుగు కంప్యూటర్ గొంతు అక్షరాలు నేర్పుతుంది. ఆ బిడ్డ భాష తెలిసిన టీచరు ఎందుకు తగ్గిపోతున్నారో ఎవరూ అడగరు. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో 3 వచ్చింది 2000లో. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ ఖాళీని కంప్యూటర్‌తో నింపుతామంటే ఒప్పుకోకూడదు. టీచరు పక్కన కంప్యూటర్ ఉండనివ్వండి, టీచరు కుర్చీలో కాదు.

మన భాషల పేరుతో కూడా యంత్రాలు వస్తున్నాయి. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 2025లో ఆది వాణి అనే అనువాద యాప్ తెచ్చింది. మొదటి వరసలో సంతాలీ, భీలీ, ముండారీ, గోండి ఉన్నాయి. ఆ గోండి ఛత్తీస్‌గఢ్ గోండి. కోయ, కొలామీ, కువి, సవర ఆ వరసలో లేవు. మన భాష యంత్రంలోకి రావాలి. అయితే మన ముసలమ్మ చెప్పిన కథను రికార్డు చేసి తీసుకెళితే ఆ గొంతు ఎవరి ఆస్తి? న్యూజిలాండ్‌లో మావోరీ ప్రజల రేడియో సంస్థ తె హికు మీడియా ఈ ప్రశ్నకు జవాబు చూపించింది. తమ వాళ్ల చేతనే చదివించి పది రోజుల్లో 300 గంటలకు పైగా మాటలు పోగు చేసింది. తమ భాషను గుర్తించే సాఫ్ట్‌వేర్ తామే తయారు చేసుకుంది. ఆ మాటలు బయటి కంపెనీలకు ఇవ్వకుండా తమ అధీనంలో ఉంచుకుంది.

మనకూ పునాది ఉంది. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఆ అక్షరాలకు చోటు దొరికింది. ఇక వాటితో రాసేవాళ్లు, కీబోర్డులు చేసేవాళ్లు, పాఠాలు తయారు చేసేవాళ్లు మన పిల్లల్లోంచే రావాలి.

విత్తనాల పండుగ నాడు కోయ గూడెంలో రాబోయే పంట గురించి ఊరంతా కూడి తలపోస్తుంది. విత్తేవాళ్లే తలపోస్తారు. టెక్నాలజీ విషయంలోనూ అదే పద్ధతి కావాలని అడుగుదాం. 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఊరి అభివృద్ధి పథకాలు అమలుకు ముందు గ్రామసభ ఆమోదం పొందాలి. పథకంతో వచ్చే యాప్ కూడా ఆ సభ ముందుకు రావాలి. సిగ్నల్ లేనిచోట కాగితం హాజరు చెల్లాలి. యంత్రం తప్పు చేస్తే కూలి, సరుకు ఆగకూడదు. పిల్లల ముఖాలు, గొంతులు తీసుకునే ముందు తల్లిదండ్రులకు వాళ్ల భాషలో చెప్పి అడగాలి.

కంప్యూటర్ చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఏఐ నేర్చుకోండి, వద్దనం. నేర్చుకున్నాక ఊరికి వచ్చిన రోజు గ్రామసభలో కూర్చోండి. అధికారి కొత్త యాప్ తెచ్చినప్పుడు అది ఏం తీసుకుంటుందో, ఎక్కడ దాస్తుందో, తప్పు చేస్తే ఎవరు జవాబు చెబుతారో మన భాషలో అడగండి. మీరు అడిగితే మేము మీ పక్కన నిలబడతాం.