పదిహేడు గంటల రాత్రి

పిల్లలూ! మీలో చాలామందికి సైకిలు తొక్కడం వచ్చు. కొందరు రెండు చేతులూ వదిలేసి కూడా తొక్కుతారు. ఆ సంగతి మీ నాన్నగారితో నేను చెప్పనులెండి. ఇప్పుడొక ప్రశ్న అడుగుతాను. చీకటి రాత్రి, అడవిలో, కొండదారిన, రాళ్ళ మీదా చెట్ల వేర్ల మీదా సైకిలు తొక్కమంటే తొక్కగలరా? ఒక గంట కాదు, తెల్లవార్లూ!

"అట్లా ఎవరు తొక్కుతారు తాతయ్యా?" అని మా మనుమడు నవ్వాడు. తొక్కేవాళ్ళున్నారు. ఈ నెల వాళ్ళ కబురే చెపుతాను.

స్కాట్లండు దేశానికి ఉత్తరాన ఇన్వర్‌నెస్ అనే పట్టణం ఉన్నది. మా మేనల్లుడు అక్కడ కొన్నాళ్ళు ఉద్యోగం చేశాడు. ఆ దగ్గరలోనే స్ట్రాత్‌పెఫర్ అనే చిన్న ఊరు ఉంది. ఒకప్పుడు అక్కడి గంధకపు ఊటనీళ్ళు తాగితే రోగాలు పోతాయని దూరదూరాల నుంచి జనం వచ్చేవారట. ఆ ఊరి పక్కన కాంటిన్ అడవిలో, జనవరి నెలలో, 24 గంటల కొండసైకిళ్ళ పందెం జరుగుతూ వచ్చింది. దాని పేరు 'స్ట్రాత్‌పఫర్'. ఇంగ్లీషులో 'పఫ్' అంటే రొప్పడం. ఊరిపేరులో ఒక్క అక్షరం మార్చేసరికి రొప్పేవాళ్ళ పందెం అయింది! తమాషాగా లేదూ?

పందెం శనివారం ఉదయం 10 గంటలకు మొదలై ఆదివారం ఉదయం 10 గంటలకు ముగుస్తుంది. అడవిలో గుండ్రంగా తిరిగివచ్చే ఒక దారి ఉంటుంది. ఎవరు ఎక్కువ చుట్లు తిరిగితే వారిది గెలుపు. నలుగురు కలిసి జట్టుగా వంతులవారీని తొక్కవచ్చు, ఇద్దరుగా తొక్కవచ్చు. ఒంటరిగా 24 గంటలూ తొక్కే మొండివాళ్ళూ ఉన్నారు. మా మేనల్లుడు 2018లో ఆ పందెం చూచి వచ్చి నాకు ఫోను చేశాడు. "మామయ్యా, పందెం మనుషుల మధ్య కాదు. మనిషికీ చీకటికీ మధ్య!" అన్నాడు.

ఆ మాట నిజమే. జనవరిలో అక్కడ సాయంత్రం 4 దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు. మళ్ళీ ఉదయం 8 ముప్పావు దగ్గరపడితే గాని ఉదయించడు. కొండలూ చెట్లూ అడ్డం కాబట్టి అడవిలో చీకటి దాదాపు 17 గంటలు! అదే రోజుల్లో మనకు రాత్రి 13 గంటలకు కొంచెం తక్కువ. ఎందుకీ తేడా? మన భూమి నిటారుగా నిలబడి తిరగదు. 23½ డిగ్రీలు ఒరిగి తిరుగుతుంది. జనవరిలో దాని ఉత్తరపు కొస సూర్యుడికి పెడమొగంగా ఉంటుంది. ఉత్తరానికి పోయినకొద్దీ పగలు కుంచించుకుపోతుంది. హైదరాబాదు 17½ డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంటే, స్ట్రాత్‌పెఫర్ 57½ డిగ్రీల దగ్గర ఉంది. ఆ 40 డిగ్రీల తేడాయే 4 గంటల చీకటి అన్నమాట.

ఇప్పుడు దీపాల సంగతి చూద్దాం.

మా చిన్నతనంలో సైకిలుకు డైనమో ఉండేది. సీసాలాంటి ఆ డైనమో టైరుకు రాసుకుని తిరిగితే దీపం వెలిగేది. మెల్లగా తొక్కితే మిణుగురుపురుగు, ఆగితే చీకటి! పల్లంలో జోరుగా పోయామా, కరెంటు ఎక్కువై బల్బు టప్పున మాడిపోయేది. అంతకు ముందు తరంవారికి కిరసనాయిలు దీపాలూ, కార్బైడు దీపాలూ ఉండేవి. కార్బైడు రాళ్ళ మీద నీటిచుక్కలు పడితే ఎసిటిలీన్ అనే గ్యాసు పుడుతుంది. ఆ గ్యాసును వెలిగించేవారు.

ఇప్పటి పందెగాళ్ళకు ఈ బాధలు లేవు. వాళ్ళ దీపం ఎల్.ఇ.డి. దీపం. ఎర్రవీ, పచ్చవీ ముందే ఉన్నా, నీలిరంగు ఎల్.ఇ.డి. బాగా వెలిగేట్టు చేయడం చాలాకాలం ఎవరివల్లా కాలేదు. నీలం లేనిదే తెల్లని వెలుగు రాదు. 1990 తరువాత జపాను శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, నకమురా అది సాధించారు. ఆ ముగ్గురికీ 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇక ఆ దీపానికి శక్తినిచ్చేది లిథియం అయాన్ బ్యాటరీ. ఇది 1991లో అంగళ్ళలోకి వచ్చింది. దీని కోసం పాటుపడిన గుడ్ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో నోబెల్ బహుమతి ఇచ్చారు. చూచారా! ఒక సైకిలు దీపంలో రెండు నోబెల్ బహుమతులు దాగి ఉన్నాయి.

అయితే దీపం ఎంత గొప్పదయినా దాన్ని వాడే తెలివి మనిషికి ఉండాలి. ఆ అడవిలో తొక్కేవారు రెండు దీపాలు పెట్టుకుంటారు. ఒకటి హ్యాండిలుకు, ఒకటి తలమీద హెల్మెట్‌కు. ఒకటి చాలదా? చాలదు. కారణం చెప్పే ముందు మీచేత ఒక పని చేయిస్తాను.

రాత్రి గదిలో లైటు ఆర్పి, నేలమీద నాలుగు గులకరాళ్ళు పరచండి. టార్చిలైటు కంటిపక్కన, నుదుటికి ఆనించి పట్టుకుని వాటి మీద వేయండి. రాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు చదునుగా కనిపిస్తాయి. ఇప్పుడు టార్చిని మోకాలి దగ్గరికి దించండి. ఒక్కొక్క రాయి వెనుకా పొడుగాటి నీడ లేస్తుంది. ఏది ఎత్తో, ఏది పల్లమో వెంటనే తెలుస్తుంది. దీపం కంటి దగ్గరే ఉంటే నీడ రాయి వెనుక దాక్కుంటుంది, కంటికి కనబడదు. కంటికి దూరంగా, కిందుగా ఉంటే నీడ బయటపడుతుంది. కనుక గుంటలు చూపడానికి హ్యాండిలు దీపం కావాలి. మరి తలమీది దీపం ఎందుకంటే, మలుపు దగ్గర హ్యాండిలు ఇంకా తిరగకముందే మన తల తిరుగుతుంది కదా! చూపు ఎటు పోతే వెలుగూ అటే పోతుంది. పైగా రెంటిలో ఒకటి ఆరినా రెండోది దారి చూపుతుంది. ఈ ఆఖరి మాట మరిచిపోకండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇంకొక చిక్కు ఉంది. దీపం నుంచి దూరం రెండింతలయితే అక్కడ పడే వెలుగు సగం కాదు, నాలుగోవంతు అవుతుంది. మూడింతలయితే తొమ్మిదోవంతే. అంటే మూడింతల దూరం చూడాలంటే తొమ్మిదింతల దీపం కావాలి.

ఇప్పుడు వేగం లెక్క చూడండి. గంటకు 18 కిలోమీటర్లు అంటే సెకనుకు 5 మీటర్లు. రాయిని చూచి, బ్రేకు వేయాలని అనుకుని, చేయి బిగించేసరికి ఒక సెకను పట్టిందనుకుందాం. అప్పటికే 5 మీటర్లు పోయాం. బురద నేలమీద బ్రేకు పట్టి ఆగేందుకు ఇంకో 4 మీటర్లు పట్టిందనుకోండి. మొత్తం 9 మీటర్లు. వేగం రెండింతలు చేస్తే? ఆలోచించే సెకనులో 10 మీటర్లు పోతాం. బ్రేకు పట్టిన తరువాత 4 మీటర్లు కాస్తా 16 అవుతుంది. మొత్తం 26 మీటర్లు! వేగం రెండింతలు పెంచితే, ఆగే దూరం మూడింతలకు దగ్గరపడింది. దానికి సరిపడే దీపం తొమ్మిదింతలు కావలసి వచ్చింది. అంత దీపం లేనివాడు ఏం చేయాలి? మెల్లగా పోవాలి. చీకట్లో మన వేగాన్ని నిర్ణయించవలసింది కాళ్ళ బలం కాదు, దీపం దూరం.

బ్యాటరీలకూ లెక్క ఉంది. ఒక బ్యాటరీలో 36 వాట్-గంటల శక్తి ఉందనుకోండి. పెద్ద వెలుగుకు 12 వాట్లు కావాలి. అంటే 3 గంటల్లో బ్యాటరీ ఖాళీ. 17 గంటల రాత్రికి 6 బ్యాటరీలు కావాలి. తెలివైనవాడు అట్లా చేయడు. ఎగువ ఎక్కేటప్పుడు నడక వేగమే కనుక 3 వాట్ల చిన్న వెలుగు చాలునంటాడు. ఒక గంటలో 40 నిమిషాలు ఎగువ, 20 నిమిషాలు దిగువ అనుకుంటే, ఎగువకు 2, దిగువకు 4, మొత్తం 6 వాట్-గంటలే ఖర్చు. రాత్రంతటికీ 102. మూడు బ్యాటరీలు చాలు! పొదుపంటే చీకట్లో పోవడం కాదు, అవసరమైన చోటికి వెలుగు దాచుకోవడం.

చలి వేస్తే మనం ముడుచుకుపోయినట్టే బ్యాటరీ కూడా ముడుచుకుపోతుంది. దానిలోపల అయాన్లు చలికి మందగించి, ఉన్న శక్తినంతా ఇవ్వలేవు. అందుకని కొందరు బ్యాటరీని కోటు లోపల, ఒంటికి ఆనించి పెట్టుకుంటారు. కోడి పిల్లల్ని పొదువుకున్నట్టే! దారి మీద నీళ్ళు గడ్డకడితే, ఇనుప మేకులు బిగించిన టైర్లు వేసుకుంటారు.

తెల్లవారుజామున 3, 4 గంటల వేళ అన్నిటికన్నా కష్టం. మన ఒంట్లో ఒక గడియారం ఉంది. ఆ వేళకు అది ఒంటి వేడిని తగ్గించి "పడుకో, పడుకో" అంటుంది. ఆ సమయంలో వెనుకనుంచి ఇంకొకడు వస్తే, ముందువాడు పక్కకు జరిగి దారి ఇస్తాడు. ఎదురుపడితే దీపం ఎదుటివాడి కళ్ళలో పడకుండా తల వంచుతాడు. ఒకసారి కళ్ళు చెదిరితే మళ్ళీ చీకటికి బాగా అలవాటు పడడానికి అరగంట దాకా పట్టవచ్చు. నా వెలుగు నాకు దారి చూపాలి గాని, నీ కళ్ళు పొడవకూడదు. ఇది పందెంలో మర్యాద. రోడ్డు మీద మనకూ మర్యాదే.

ఇక నా కథ చెపుతాను. ఇది చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

1986లో నేను కొత్తగా చేరిన పంతుల్ని. పదో తరగతి పిల్లలకు రాత్రిపూట క్లాసులు చెప్పి సైకిలు మీద ఇంటికి వచ్చేవాణ్ణి. ఒక పిల్లవాడి ఇల్లు నా దారిలోనే. వాణ్ణి వెనుక కారియర్ మీద ఎక్కించుకునేవాణ్ణి. ఫిబ్రవరి నెల ఒక రాత్రి, కాలువగట్టు పల్లంలో జోరుగా దిగుతుంటే డైనమో బల్బు మాడిపోయింది. "మాస్టారూ, దిగి నడుద్దామా?" అన్నాడు వాడు. "ఏడాదినుంచీ తొక్కుతున్న దారిరా, కళ్ళు మూసుకుని పోగలను" అన్నాను. ఆ పగలే ఎవరో పొలానికి నీళ్ళు మళ్ళించడానికి దారికి అడ్డంగా కాలవ తవ్వారు. దారి నాకు తెలుసు. ఆ కాలవ తెలియదు.

ఇద్దరం పడ్డాం. చీకట్లో వాడు మొదట అన్న మాట, "మాస్టారూ, మీకు దెబ్బ తగిలిందా?" నాకు మోకాలు గీసుకుపోయింది, అంతే. వాడికి కుడి మణికట్టు విరిగింది. మార్చి పరీక్షకు నెల కూడా లేదు. వాడు ఆ పరీక్ష రాయలేకపోయాడు. తరువాత వచ్చిన పరీక్ష రాసి ప్యాసయ్యాడు. అయినా తోటివాళ్ళంతా కాలేజీకి పోతుంటే వాడు కట్టు చేతితో అరుగు మీద కూచుని చూడవలసి వచ్చింది.

వారం తరువాత వాళ్ళ నాన్న మా ఇంటికి వచ్చాడు. చీవాట్లు పెడతాడనుకుని తల వంచుకున్నాను. ఆయన ఒక్క మాట అనలేదు. పంచెకొంగులోంచి ఒక కొత్త టార్చిలైటు తీసి బల్లమీద పెట్టి, నమస్కారం చేసి వెళ్ళిపోయాడు. ఆ టార్చి ఇప్పుడు వెలగదు. అయినా నా బీరువాలో ఉంది.

అందుకే ఆ పందెగాళ్ళు రెండో దీపం పెట్టుకుంటారని వినగానే నాకు ఆ టార్చి గుర్తుకు వచ్చింది. వాళ్ళు నాకంటే బాగా తొక్కుతారు. ఆ దారిని ఒక్క రాత్రిలో ఎన్నో సార్లు చుట్టివస్తారు. అయినా "నాకు తెలిసిన దారే" అని దీపం ఆర్పుకోరు.

పిల్లలూ! మీ సైకిలుకు ముందు తెల్లదీపం, వెనుక ఎర్రదీపం ఉన్నాయేమో ఇవాళే చూచుకోండి. లేకపోతే పొద్దుగూకక ముందే ఇల్లు చేరండి. వెనుక ఎవరైనా కూచున్నారంటే, మీకు రెండింతల జాగ్రత్త కావాలి.

ఈ నెల లెక్క: పైన చెప్పిన 36 వాట్-గంటల బ్యాటరీ చలికి అయిదోవంతు శక్తి పోగొట్టుకుంటే, 17 గంటల రాత్రికి పెద్ద వెలుగుతోనే తొక్కేవాడికి ఎన్ని బ్యాటరీలు కావాలి? పొదుపుగా వాడేవాడికి ఎన్ని? జవాబు వచ్చే నెల. అందాకా పక్కవాడి పలక చూడకుండా మీరే చేయండి!