మైక్రోవేవు పొయ్యి: అందు వండవలసిన దేమి?

ఇంటికి క్రొత్త పనిముట్టును కొని తెచ్చుట సులభము. దానిచేత తగిన పని చేయించుకొనుట కష్టము. మా యింట ఈ సంగతి అనుభవమునకు వచ్చినందున, విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఉపయోగపడునని యిచ్చట వ్రాయుచున్నాము.

గత వేసవిలో మా యింటికి మైక్రోవేవు పొయ్యి యొకటి వచ్చినది. రెండు మాసముల వరకు అది చల్లారిన కాఫీని, రాత్రి మిగిలిన సాంబారును వేడిచేయుటతోనే కాలము గడపినది. వేలకొలది రూపాయలు పోసినది ఇందుకేనా యని మేము విచారించుచుండగా, మా తల్లిగారు, "అది కాఫీ వెచ్చబెట్టుకునే పెట్టెరా, వంట పొయ్యి కాదు" అని తీర్పు చెప్పిరి. నేడు అనేక గృహములలో ఈ తీర్పే అమలులో నున్నది. దాని నొకసారి పునర్విచారణ చేయవలెనని మా యభిప్రాయము.

ఈ పొయ్యి పుట్టుక చిత్రమైనది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున శత్రు విమానముల జాడ తీయు రాడారు యంత్రములకై మాగ్నెట్రాను అను గొట్టములను విరివిగా తయారుచేసిరి. 1945 లో, అమెరికాలోని రేథియాను కంపెనీలో పనిచేయు పెర్సీ స్పెన్సరు అట్టి గొట్టము చెంత నిలిచియుండగా, ఆయన జేబులోని మిఠాయి కరగిపోయినదట. మరియొకరైనచో బట్టలు పాడైనవని విసుగుకొని యూరకుందురు. ఆయన మొక్కజొన్న గింజలను తెప్పించి దాని యెదుట నుంచగా అవి పేలినవి. బాల్యముననే బడి విడిచి మిల్లులో పనికి చేరవలసివచ్చినను, ఆయన పరిశీలనమును మాత్రము విడువలేదు. 1947 లో వెలువడిన మొదటి పొయ్యి సుమారు ఆరడుగుల యెత్తును, 340 కిలోల బరువును గలది. ఇండ్లలో బల్లపై నుంచదగిన చిన్న పొయ్యి 1967 లో అమెరికాలో 495 డాలర్లకు విక్రయమునకు వచ్చెను.

ఇందు నిప్పు లేదు. మైక్రోవేవులు రేడియో తరంగముల జాతికి చెందినవి. అవి సెకనునకు 245 కోట్ల పర్యాయములు ఊగిసలాడుచు, ఆహారములోని నీటి అణువులను కలచివేయును. ఆ కలతయే వేడిమి యగును. అవి అంగుళము, అంగుళమున్నర లోతునకే చొచ్చుకొనిపోవును. అంతకు లోపలి భాగము చుట్టుపట్ల వేడిచేతనే ఉడుకవలెను. అందుచేత వండిన పిమ్మట రెండు మూడు నిమిషములు మూతపెట్టి కదపక యుంచవలెను. గాజు, పింగాణి గిన్నెలగుండ ఈ తరంగములు పోవును. లోహమునుండి వెనుకకు మరలును, లోహపు అంచులయందు నిప్పురవ్వలు లేచుటయు కలదు. కావున మన స్టీలు గిన్నెల కిందు చోటు లేదు.

మేము మొదట చేసిన పొరపాటేమనగా, పాత పొయ్యి పనులనే క్రొత్త పెట్టెకు అప్పగించుట. దోసెపిండి పోసితిమి; తెల్లని మెత్తని అట్టు వచ్చెను గాని కరకర లేదు. వంకాయ నుంచితిమి, మెత్తబడెను గాని నిప్పులపై కాల్చిన కమ్మదనము పచ్చడికి రాలేదు. నూనెలో ఆవాలు వేసి యుంచితిమి. అవి చిటపటలాడక మమ్ము చూచుచు కూర్చుండెను. అంతట, సెలవులకు వచ్చిన మా మేనల్లుడు, తొమ్మిదవ తరగతి విద్యార్థి, కారణము చెప్పెను: "అమ్మమ్మా, ఇది నీళ్లను పట్టుకుని పనిచేస్తుంది. నీళ్లు నూరు డిగ్రీల దగ్గర ఆవిరైపోతాయి. దోసె ఎర్రబడాలంటే అంతకంటే చాలా వేడి కావాలి." మా తల్లిగారు క్షణకాల మాలోచించి, "అట్లయితే ఉడకబెట్టేది నీ పెట్టెలో, పోపు నా పొయ్యి మీద" అనిరి. తరంగముల పేరైనను వినని యామె, యేబది యేండ్ల వంట యనుభవముచేత, ఒక్క మాటలో పని పంచివేసిరి.

ఆ పంపకము ననుసరించి చూడగా ఫలము వెంటనే కనబడెను. అప్పడము ఒక నిమిషములో నూనె లేకయే పొంగెను. రెండు బంగాళాదుంపలను ఫోర్కుతో పొడిచి యుంచగా ఆరు నిమిషములలో ఉడికెను. బీన్సు, కారెట్టు, గుమ్మడి ముక్కలు కొలది నీటితో రంగు చెడక ఉడికెను. పైన పోపు పెట్టిన కూర సిద్ధము. ప్లాస్టికు పళ్లెములలో ఇడ్లీలు అయిదు నిమిషములలో నయినవి. వేరుసెనగలు నడుమ నడుమ కలిపిన చక్కగా వేగును. అన్నము ఉడుకును గాని, బియ్యము నీటిని పీల్చుకొనుటకు పట్టు కాలము తగ్గదు గనుక లాభము స్వల్పము.

ఈ తరంగములు ఆహారమున నిలిచి విషమగునని కొందరు భయపడుదురు. దీపమార్పిన గదిలో వెలుతురు నిలువనట్లే, పొయ్యి ఆగిన పిమ్మట తరంగములును నిలువవు. నిజముగా భయపడవలసినవి వేరు: పెంకుతోనున్న గ్రుడ్డు ప్రేలును, బిగించిన మూత ఎగిరిపడును, మూత తీయునపుడు ఆవిరి చేయి కాల్చును. వీనిని పిల్లలకు ముందుగా చెప్పవలెను.

ఇక మా ముఖ్యాభిప్రాయము. మా తల్లిగారు మాతో కలిసి కూర్చుండి భోజనము చేసిన దినములు వ్రేళ్లపై లెక్కింపవచ్చును. కడపటి దోసె పోయుట, ఆలస్యముగా వచ్చినవారికి కూర వెచ్చబెట్టుట, ఇవియే వారి భోజనకాలమును హరించినవి. ఈ పెట్టె కొన్ని నిమిషములను మిగుల్చును. ఆ నిమిషములు ఎవరికి చెందవలెను? "సులువైనది గనుక ఇంకొక కూర చేయుము" అని మనము కోరినయెడల, యంత్రము వచ్చియు ఆమెకు ఒరిగినది లేదు. కావున ఏమి వండవలెనను ప్రశ్నతోపాటు, ఎవరు వండవలెనను ప్రశ్నను కూడ వేసికొనవలెను. మంటలేని యీ పొయ్యిని ముందుగా వంట రానివారే, అనగా ఇంటి మగపిల్లలును తండ్రులును, నేర్చుకొనుట న్యాయము. మేమును ఆ వరుసలోని వారమే. అప్పడముతో నారంభించి బంగాళాదుంప కూర వరకు వచ్చితిమి.

విద్యార్థులారా! మీరు భౌతికశాస్త్రమున చదువు తరంగములు మీ వంటయింటనే పనిచేయుచున్నవి. కారణము మీరు చెప్పుడు. రుచి మీ తల్లుల నడుగుడు. గిన్నె మీరే కడుగుడు. గత ఆదివారము మా యింట మేనల్లుడు ఇడ్లీలు వండి వడ్డించగా, మా తల్లిగారు మొదటి పంక్తిలో కూర్చుండి భుజించిరి. ఉప్పు కొంచెము తక్కువైనదని చెప్పి, మరి రెండు వేయించుకొనిరి.