కేకు మనది, కత్తి వాళ్లది

దళిత క్రైస్తవ సోదరులారా, అక్కచెల్లెళ్లారా!

డిసెంబరు వచ్చిందంటే చాలు, 'సెమీ క్రిస్మస్' అంటున్నారు. బైబిలంతా వెతికినా ఈ సెమీ ఎక్కడా కనపడదు. ఎమ్మెల్యే వస్తాడు, కత్తి పడతాడు, పాస్టరు నోట్లో ముక్క పెడతాడు, ఫొటో అయిపోతుంది. ఫ్లెక్సీలో ఆయన బొమ్మ ఆరడుగులు, ఏసు బొమ్మ అరచెయ్యంత.

బట్టల కొట్లవాళ్లు ఇంకా ముందే మేలుకుంటారు. కోస్తాలో వరికోతలూ క్రిస్మసూ కలిసే వస్తాయి గదా. నడుం విరిగేలా కోసి మన ఆడవాళ్లు తెచ్చుకున్న కూలి డబ్బుల మీదే ఆ ఆఫర్ల బోర్డులన్నీ. ఇప్పుడు కోత మిషన్లొచ్చి ఆ కూలీ పోతోంది. ఆఫర్లు మాత్రం పోలేదు. కొత్తబట్టల్లేకుండా గుడికెట్లా పోతామని వడ్డీకి తెస్తున్నారు. వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితం అంటించి మనమే కట్టుకున్న చుక్క పోయి ప్లాస్టిక్ చుక్క వచ్చింది. మాదిగ డప్పు గుడిలో పనికిరాదన్న పెద్దలే డీజేకి చందాలు రాస్తున్నారు!

పండగ మానుకోమని మేం అనడంలేదు. బిడ్డకి కొత్తగౌను కుట్టించే హక్కు మాదిగ తల్లికీ ఉంది. కానీ ఇది ఎవరి పుట్టినరోజు? పశువుల తొట్టిలో పడుకోబెట్టిన బిడ్డది. ఆ కబురు ముందు అందింది రాత్రిపూట గొర్రెలు కాసుకునేవాళ్లకి. మరియ పాడిన పాటలో గద్దెలు కూలతాయి. గద్దెమీదున్నాయన్ని పక్కన కూచోబెట్టుకుని ఆ పాట చదివే పాస్టరు ఎక్కడున్నాడు?

ఆ స్టేజీ మీద అడగాల్సింది వేరే ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువులు కాని దళితులకి ఎస్సీ హోదా లేదంది. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ తలుపు తీశారు. మనకి తియ్యలేదు, బీసీ-సి కింద ఒక్క శాతం పడేశారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఒక పాస్టరు పెట్టిన కేసులోనే, క్రైస్తవం పుచ్చుకున్నవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదంది. కులం పేరెత్తి తిట్టేవాడు బాప్తిస్మం సర్టిఫికెట్ చూసి నోరు మూసుకుంటాడా? 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో గొడ్డళ్లతో వచ్చినవాళ్లు ఏ గుడికి పోతావని అడిగి నరికారా?

2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ మనకి ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. ఈసారి మీ పల్లెకి కేకు కొయ్యడానికొచ్చే నాయకుణ్ణి, కత్తి ఎత్తకముందే, ఆ తీర్మానం కోసం ఢిల్లీలో ఏం చేశావని మైకులో అడగండి. జవాబు కాగితం మీద రాయించుకుని, సంతకం పెట్టించుకోండి. కేకు తర్వాత.