గంజి నుండి సంచి వరకు

విజ్ఞానశాస్త్రము మానవునికి ప్రసాదించిన వస్తువులలో ప్లాస్టిక్కు వలె త్వరితంగా ఇంటింటికి చేరినది మరొకటి లేదు. చేరిన పిమ్మట అంత మొండిగా తిష్ఠ వేసినదీ లేదు. హైదరాబాదు, బెంగుళూరు నగరాలను కలిపే జాతీయ రహదారిపై గుత్తి, పామిడి దాటి అనంతపురం చేరక మునుపే వచ్చే గార్లదిన్నె వంటి ఊరిని చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. బస్సు ఆగిన చోటెల్లా సంచులు, టీ కప్పులు. గాలి లేచినప్పుడు అవి పొలాల గట్లమీది కంపచెట్లకు పూలవలె పూస్తాయి. ఆ సంచులలో మిగిలిన అన్నపు వాసనకు ఆవులు వస్తాయి. అన్నముతో పాటు సంచినీ మ్రింగుతాయి. పశువు కడుపులో చేరిన ప్లాస్టిక్కు అరగదు, బయటికీ రాదు. పాడి మీద ఆధారపడిన కుటుంబానికి ఇది పర్యావరణ సమస్య మాత్రమే కాదు, జీవనోపాధి సమస్య.

ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్కు పళ్ళాలను, గ్లాసులను, చెంచాలను, మరికొన్ని వస్తువులను కేంద్ర ప్రభుత్వము 2022 జూలై 1 నుండి నిషేధించినది. ఆ నిషేధము తెరచిన ద్వారము గుండా ఒక క్రొత్త వస్తువు బజారులోనికి నడచి వస్తున్నది. అదే పిండిపదార్థముతో, అనగా స్టార్చితో చేసిన సంచి. 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూ ప్రసాదానికై ఇట్టి సంచుల విక్రయశాలను ప్రారంభించారు. వాటిని రూపొందించినది క్షిపణులకు పేరుగన్న రక్షణ పరిశోధన సంస్థకు చెందిన హైదరాబాదు ప్రయోగశాల. మొక్కజొన్న పిండి ఆధారమని, కొద్ది నెలలలో మట్టిలో కలిసిపోతాయని అప్పుడు ప్రకటించారు. తెలుగు నేలపై జరిగిన ఈ కృషి మనకు గర్వకారణమే.

అయితే కరువు సీమలో పుట్టిన విద్యార్థి ఏ క్రొత్త వస్తువునైనా కేవలము చప్పట్లతో స్వాగతించరాదు. "మట్టిలో కలుస్తుంది" అన్న మాట మనకు చాలదు. అది ఏ నీటితో పుట్టినది, ఏ మట్టిలో కలుస్తుంది అని కూడ అడుగవలెను. ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పలేని పిండి సంచి మనకు ప్లాస్టిక్కుకు మారుపేరే కాగలదు. నా వాదమంతయు ఇదే.

ముందుగా ఈ పదార్థమేమో చూతము. స్టార్చి మనకు క్రొత్తది కాదు. తెలుగు ఇంట గంజి, ఉర్దూలో కలఫ్ అని పిలిచి బట్టలకు పెట్టినది దీనినే. నేతగాండ్రు పడుగునకు పట్టించినదీ, గోడపత్రికలు అంటించుటకు మైదాతో కాచినదీ ఇదే. వేలకొలది గ్లూకోజు అణువులు గొలుసుగా కూడిన బృహదణువు స్టార్చి. ఇందులో రెండు రకములున్నవి. సాధారణముగా 20 నుండి 30 శాతము తిన్నని గొలుసుల ఎమైలోజు, మిగిలినది కొమ్మలు వేసిన ఎమైలోపెక్టిను. నీటిలో కాచినప్పుడు పిండిరేణువు ఉబ్బి, పగిలి, చిక్కని జిగురవుతుంది. దానిని పలుచగా పరచి ఆరబెడితే రేకు వంటి పొర ఏర్పడుతుంది. కాని ఆ పొర అప్పడము వలె పెళుసు. గ్లిసరిను వంటి పదార్థము చేర్చి వేడిమి, ఒత్తిడి కలిగిస్తే అది ప్లాస్టిక్కు వలె మెత్తబడి అచ్చులలో ఒదుగుతుంది. ఐనను నీటిని చూడగానే నీరుగారిపోవుట దాని పుట్టుగుణము. వేడి పప్పు పోస్తే పిండిసంచి ఎంతసేపు నిలువగలదో వంటయింటి అనుభవమున్న వారికి చెప్పనక్కరలేదు.

ఈ లోపమును కప్పుటకే మిశ్రమములు పుట్టినవి. 1970 దశకములో ఇంగ్లండులో జెరాల్డ్ గ్రిఫిన్ అను శాస్త్రజ్ఞుడు పాలిథీనులో పిండిరేణువులను కలిపి సంచులు చేయు విధానమును వృద్ధి చేశాడు. 1980 దశకము చివర అమెరికాలో అట్టి సంచులు "క్షీణించేవి" అన్న పేరుతో అమ్ముడుపోయి, పిదప తీవ్ర విమర్శలకు గురియైనవి. కారణము తేలికగానే తెలుస్తుంది. క్రిములు పిండిని మాత్రమే తిన్నవి, పాలిథీను తునకలు తునకలుగా మిగిలిపోయినది. కంటికి కనిపించే చెత్త కనిపించని చెత్తగా మారుట పరిష్కారము కాదు. ఈ చరిత్రను మనము మరువరాదు.

నేటి మంచి సంచులలో పాలిథీనుకు బదులు క్రిములు నిజముగా తినగలిగిన పి.బి.ఎ.టి., పి.ఎల్.ఎ. వంటి బృహదణువులు కలుపుతున్నారు. వీటిలో మొదటిది చాలవరకు పెట్రోలియము నుండి వచ్చినదే, రెండవది పిండిలోని చక్కెరను పులియబెట్టి చేసినది. కంపోస్టు కాగల ప్లాస్టిక్కుకు మన దేశములో ఐ.ఎస్. 17088 అను ప్రమాణము ఉన్నది. పదార్థములోని కర్బనములో 90 శాతము 180 దినములలోగా బొగ్గుపులుసు వాయువుగా మారవలెనని దాని సారాంశము. అయితే ఆ పరీక్ష జరిగేది సుమారు 58 డిగ్రీల వేడి, తగినంత తేమ, గాలి ఉన్న కంపోస్టులో. ఇక్కడనే మన మొదటి చిక్కు ఎదురవుతున్నది.

అనంతపురములో సాలీనా సగటు వర్షపాతము 550 మిల్లీమీటర్ల ప్రాంతము. సంవత్సరములో ఎక్కువ నెలలు మన నేల ఎండి బీటలు వారి ఉంటుంది. ఎండ వేడిమి ఉన్నది కదా అని కొందరు అనవచ్చును. కాని కుళ్ళించేది ఎండ కాదు, క్రిమి. తడి లేనిచోట క్రిమి పని చేయదు. ఎండిన బాటప్రక్కన పారవేసిన పిండిసంచి నెలల తరబడి అట్లే పడి ఉండగలదు, దానిని కూడ ఆవు తినగలదు. అదే సంచిని పేడతో, తడిచెత్తతో దిబ్బలో వేసి నీరు చల్లుతూ ఉంటే దాని గతి వేరు. కావున సంచి కొనుట కన్న ముందు ఊరికొక కంపోస్టు గుంత ఉండవలెను. గుంత లేని ఊరిలో కంపోస్టు సంచి, బావి లేని ఊరిలో చేద వంటిది.

రెండవ చిక్కు నీటిది. స్టార్చి ఆకాశము నుండి ఊడిపడదు, పంట నుండి వస్తుంది. ఆహార వ్యవసాయ సంస్థ లెక్కల ప్రకారము పంటకాలమునకు మొక్కజొన్నకు 500 నుండి 800 మిల్లీమీటర్ల నీరు కావలెను, జొన్నకు 450 నుండి 650 చాలును. తుంగభద్ర ఎగువ కాలువ నీరు చేరే పెనకచర్ల జలాశయము గార్లదిన్నె మండలములోనే ఉన్నను, కాలువ అందని రైతు లోతైన బోరును నమ్ముకొనవలసినదే. ఆ బోరు నీటితో మొక్కజొన్న పండించి, దానిని పిండిచేసి, ఒక పూట ఉగ్గాని కట్టి పారవేసే సంచిగా మార్చుట వివేకమా? భూమిలోని నీటిని తోడి చెత్తకుండీలో పోసినట్లు కాదా?

ఈ ప్రశ్నను మనకన్న ముందే ఒక తెలుగువాడు అడిగినాడు. హైదరాబాదులో నారాయణ పీసపాటి 2010లో బేకీస్ అను సంస్థను స్థాపించి జొన్న, బియ్యము, గోధుమ పిండులతో తినదగిన చెంచాలను తయారు చేయించినాడు. భోజనము ముగిసిన పిమ్మట చెంచాను కూడ తినవచ్చును, పారవేసినను క్రిమికీటకములకు ఆహారమవుతుంది. ఆయన జొన్నను ఎన్నుకొనుట వెనుక ఆలోచన గమనింపదగినది. రైతులు జొన్న విడిచి వరికి మరలుట వలన భూగర్భజలము అడుగంటుతున్నదని, జొన్నకు గిరాకి కల్పిస్తే నీరు నిలుస్తుందని ఆయన భావించినాడు. అనగా చెంచా నెపము, నీరు లక్ష్యము. వేరుశనగ రాకతో జొన్న, కొఱ్ఱలు వెనుకబడిన మన జిల్లాకు ఇంతకన్న తగిన పాఠము లేదు.

అట్లని స్టార్చి పరిశోధన మనకు పనికిరాదని నేననుట లేదు. నీటిని ఖర్చుపెట్టే చోట కాక, నీటిని ఆదా చేసే చోట దానిని వాడవలెనని అంటున్నాను. ఉదాహరణకు మన చీనీకాయను తీసికొనండి. బోరు నీటితో ఏళ్ళ తరబడి పెంచిన చెట్టు ఇచ్చిన కాయ దూరపు బజారు చేరులోగా వాడిపోతే, ఆ నీరంతా వ్యర్థమైనట్లే. పండ్ల మీద పూయదగిన, తినదగిన పలుచని పొరలను స్టార్చితో చేయవచ్చును. ఈ పొర ప్రాణవాయువును చక్కగా అడ్డగిస్తుంది. తేమను ఆపుటలో బలహీనము గనుక దానికి మైనము వంటివి చేర్చవలసి ఉంటుంది. చిటికెడు పిండి ఒక పండును కాపాడితే, అది బుట్టెడు సంచులకన్న గొప్ప సేవ.

పొలమున పంట రానక్కరలేని ముడిసరుకు కూడ మనకున్నది. చింతపిక్కను చూడండి. అందులోనిది స్టార్చి కాదు గాని, దానికి దగ్గరి బంధువైన మరొక బృహదణువు. కంబళ్ళు నేసే కురుబ సోదరులు చింతపిక్కల గంజిని పడుగునకు పట్టించుట తరతరాల విద్య. అదే పదార్థమును జపానులో ఆహారమునకు చిక్కదనమిచ్చుటకు వాడుతున్నారు. బాటల వెంట నిలిచి కరువును తట్టుకొనే చింతచెట్టు ఇచ్చే పిక్కలో ఇంత సంపద దాగి ఉండగా, మనము పరాయి పంటల పిండికై చేయి చాచనేల?

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. ఇన్ని ప్రశ్నలు వేస్తూ కూర్చుంటే ఈలోగా ప్లాస్టిక్కు పశువులను చంపుతూనే ఉండును కదా అని. న్యాయమైన మాటయే. పిండిసంచి ఖరీదెక్కువ. తోపుడుబండిపై బజ్జీలు వేసి బ్రతికే వానిపై ఆ భారము మోపి మనము చేతులు దులుపుకొనరాదు. కాని దానికి విరుగుడు సంచిని మార్చుటలోనే లేదు, సంచి అవసరమును తగ్గించుటలో ఉన్నది. మోదుగాకు విస్తరి, స్టీలు గ్లాసు, ఇంటినుండి తెచ్చిన టిఫిను గిన్నె, గుడ్డసంచి మన పెద్దలకు తెలియనివి కావు. గూగూడు కుళ్ళాయస్వామి మొహర్రం ఉత్సవమునకు హిందువులు, ముస్లిములు కలిసి వేలాదిగా తరలి వస్తారు. అట్టి చోట్ల, పెండ్లి పందిళ్ళలో, ఇఫ్తారు విందులలో ఆకు, స్టీలు మొదట నిలువవలెను. అవి చాలని చోటికే పిండిసంచి రావలెను.

విద్యార్థి మిత్రులకు ఒక సూచన. మన రసాయనశాలలో అయొడిను సీసా ఉన్నది. బజారులో దొరికే "మట్టిలో కలిసే" సంచి తునకపై ఒక చుక్క వేయండి. నీలినలుపు రంగు వస్తే పిండి ఉన్నట్లే. కాని తక్కినది పాలిథీను కాదని ఆ చుక్క చెప్పదు. కావున అదే సంచి తునకలను తూచి, ఒకదానిని తడి పేడదిబ్బలో, మరొకదానిని ఎండునేలలో పాతిపెట్టండి. నెలనెలా తీసి, కడిగి, ఆరబెట్టి తూచండి. వచ్చిన అంకెలను వచ్చే సంవత్సరపు సంచికలో ఉర్దూలోను, తెలుగులోను ప్రకటించండి. ప్రకటనలు చెప్పేదానికన్న మన నేల చెప్పేది మనకు ప్రమాణము.

కళాశాల పాలకవర్గము వారికి నా విన్నపములు మూడు. మన వార్షికోత్సవ విందు ఆకుపైననే జరుగవలెను. ఆవరణలో ఒక కంపోస్టు గుంత త్రవ్వించవలెను. ఇక తప్పనిసరియై కంపోస్టు సంచులు కొనవలసి వస్తే, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువీకరణ ఉన్నవే కొనవలెను. ఇందుకయ్యే వ్యయము స్వల్పము. మన బడుగు పశువులకు, ఇగిరిపోతున్న మన బావులకు కలిగే మేలు మాత్రము స్వల్పము కాదు.

గంజి త్రాగి బ్రతికిన సీమ మనది. గింజ విలువ, నీటి విలువ మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ విలువను విజ్ఞానమునకు కూడ నేర్పవలసిన బాధ్యత మన తరము విద్యార్థులది.